తోటలో కాపురం పెట్టేముందు

బిడ్డా,

ఉద్యోగం మానేసి, పిల్లాణ్ణి తీసుకుని దేవరకొండ దగ్గర బత్తాయి తోటలోనే ఉండబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మీ తాత పెట్టిన తోటకు మళ్లీ మన ఇంటి మనిషే నీళ్లు పెడుతుందంటే కడుపు నిండింది. తోటలో తిరిగే తేళ్లు, పురుగులు గుర్తొచ్చి ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చీమ కుట్టినా, సాలెపురుగు కరిచినా సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టు. తేనెటీగ ముల్లు కనిపిస్తే వెంటనే గోటితో గీకెయ్. చేయి వాచకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్. పెదాలు, నాలుక ఉబ్బి ఊపిరాడకపోతే 108కి ఫోన్ చెయ్.

నా టెన్షనంతా ఎర్రతేలు గురించే. నా కొడుక్కి, అదే మీ అన్నకు, అప్పుడు ఆరేళ్లు, ఇప్పుడు నీ కొడుకు ఈడే. ఎండాకాలం. కొట్టం వెనక బత్తాయి బుట్టలు జరుపుతుంటే వేలి మీద కుట్టింది. నేను చేతికి తాడు బిగించి, ఉల్లిగడ్డ రుద్ది, మంత్రం వేసే ముసలాయన దగ్గరికి ఎత్తుకుపోయాను. కాసేపటికి పిల్లాడు "మంట లేదమ్మా" అన్నాడు. విషం దిగిందనుకుని ఇంటికి తెచ్చి జోకొట్టాను. రెండుసార్లు కక్కుకున్నాడు. అంగీ తడిసి ముద్దయింది. ఉక్కపోత అనుకున్నాను బిడ్డా! చేతులు, కాళ్లు నీళ్లకుండలా చల్లగా తగిలినా తెలుసుకోలేదు. ఊపిరి గురగురమన్నప్పుడు గానీ లేవలేదు. ట్రాక్టర్‌లో దవాఖానకు చేరేసరికి తెల్లారింది. "మంట తగ్గితే విషం తగ్గినట్టు కాదమ్మా. ఆ చల్లటి చెమటే అసలు గుర్తు, గుండెకు పట్టింది" అన్నాడు డాక్టరు. మూడు రోజులు మంచంపట్టె వదల్లేదు నేను. బతికాడు. ఇప్పటికీ వాడు చెమటతో ఇంటికొస్తే ముందు చేతులు పట్టుకుని చూస్తాను, వెచ్చగా ఉన్నాయా అని.

బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్ర ఎర్రతేలు విషానికి పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో హిమ్మత్‌రావు బావస్కర్ అనే డాక్టరు 1980లలోనే చూపించారట. అది సొంతంగా వేసేది కాదు. మీకు దగ్గర్లోని దవాఖానలో ఉందో లేదో మాత్రం ముందే కనుక్కో. పిల్లాడికి తేలు కుడితే మంట ఉన్నా లేకున్నా బండెక్కించు. కోయడం, తాడు కట్టడం, మంత్రం ఏదీ వద్దు.

చదువుకున్నదాన్ని, నాకు తెలియదా అనకు. ఆ గడియలో తల్లికి ఏదీ గుర్తుండదు. దోమతెర పరుపు కిందికి దోపు. రాత్రి లైటు లేకుండా కొట్టంలోకి పోకు. చెప్పులు దులపకుండా వేసుకున్నావో, నేనొచ్చి తిడతాను. ఆదివారం ఎలాగూ వస్తున్నాను. పిల్లాడికి బూట్లు కొంటాను, పాదం కొలిచి సైజు చెప్పు.

మీ పెద్దమ్మ