నెట్‌బాల్ టీమ్ పెట్టిన మా అమ్మాయికి

కావలి

అమ్మాయ్,

కొత్తపట్నం బడిలో నెట్‌బాల్ టీమ్ పెట్టావని, అండర్-14 పిల్లలకి సెంటర్ పాస్ (కోర్టు మధ్య నుంచి ఆట మొదలుపెట్టే పాస్) నుంచి గోల్ దాకా ఒక ప్లే, అంటే ఎవరు ఎటు కదలాలో ముందే అనుకున్న ఎత్తు, నేర్పిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్ అనుకో. నీ మోకాలి సంగతీ తెలుసు, నీ నోటి సంగతీ తెలుసు.

ముందు మోకాలు. ఇంటర్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతూ సిమెంటు కోర్టు మీద పడ్డ కాలు అది. ఎగిరి బంతి పట్టడం ఎట్లాగో నువ్వే గెంతి చూపించబాక. నోటితో చెప్పు చాలు. నెట్‌బాల్‌లో బంతి చేతికొచ్చాక నడవకూడదు. ముందు ఆనిన కాలు లేపితే, అది మళ్లీ నేలకి తగిలేలోపు బంతి చెయ్యి దాటిపోవాలి. అంటే ఉరికే పిల్ల ఉన్నట్టుండి ఆగాలి. మోకాళ్లు పోయేది అక్కడే. కొన్నాళ్లు బంతి లేకుండా దిగడం ఒక్కటే నేర్పు: రెండు పాదాల మీద, మోకాళ్లు వంచి, చప్పుడు రాకుండా. దబ్బుమని వినిపిస్తే మళ్లీ చేయించు. రోజూ ఆటకి ముందు గులకరాళ్లు ఏరించు. హెడ్మాస్టరు నవ్వితే నవ్వనీ.

కోర్టు గీయడం నీకు కొత్త కాదు. వంద అడుగుల పొడవు, యాభై వెడల్పు, ఆ పొడవుని అడ్డగీతలతో మూడు సమాన భాగాలు చెయ్యాలి. గోల్ లైన్ మధ్యలో మేకు కొట్టి పదహారు అడుగుల తాడుతో సున్నం గీత లాగితే షూటింగ్ సర్కిల్ వచ్చేస్తుంది. పోల్ ఎత్తు పది అడుగులు. వెనక పలక ఉండదు కాబట్టి బాస్కెట్‌బాల్ అలవాటున్న పిల్లలు కొన్నాళ్లు తికమకపడతారు. ఇదేం ఆటని ఊళ్లో ఎవరన్నా అడిగితే, 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ ఆటల్లో మన దేశం తరఫున ఆడపిల్లలు ఆడారని చెప్పు.

ఇక నీ ప్లే. మీ అమ్మ చెప్పింది నాకు సగమే అర్థమైంది, మిగతాది ఊహించుకున్నా. మధ్యలో బంతి పట్టుకుని ఉండేది సెంటర్. విజిల్‌కి ముందు గోల్ వైపు ఆడే పిల్లలిద్దరూ, వింగ్ అటాక్, గోల్ అటాక్, మధ్య భాగం గీత అవతల ఉంటారు. విజిల్ పడగానే వింగ్ అటాక్ మధ్యలోకి వస్తున్నట్టు రెండడుగులు వేసి, చటుక్కున సైడ్‌లైన్ వైపు తిరుగుతుంది. సెంటర్ తనకి పాస్ ఇచ్చి అక్కడే నిలబడి చూడకుండా సర్కిల్ అంచుకి ఉరుకుతుంది. షూటర్ డిఫెండర్ని వీపుతో ఆపి రింగ్ దగ్గర చోటు పట్టి ఉంచుతుంది. బాగుంది. కానీ మీ ఊళ్లో మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి కొడుతుంది కదా, షూటర్‌కి పైనుంచి వేసే లాబ్ ఎటు పోతుందో చెప్పలేం. సర్కిల్ అంచు నుంచి బౌన్స్ పాస్ కూడా నేర్పు. ఒక్కసారి నేలకి తగిలితే తప్పు లేదు.

అసలు నా భయం ఇది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడిలో ఒక మాస్టారు ఉండేవాడు. ఓపిక మనిషే, ఆట తెలిసినవాడే. ఇట్లాంటి ప్లేనే నేర్పాడు. ఖాళీ గ్రౌండ్‌లో, ఎదురు ఎవరూ లేకుండా, మొదటి పాస్ ఎప్పుడూ వింగ్ అటాక్‌కే. పిల్లలు ముగ్గు పెట్టినట్టు ఆడేవాళ్లు. చూడటానికి ఎంత అందంగా ఉండేదో! నేనూ చప్పట్లు కొట్టాను.

జిల్లా సెలక్షన్ల రోజు అవతలి టీమ్ వింగ్ డిఫెన్స్, అంటే మా వింగ్ అటాక్‌ని కాచే పిల్ల, ఒక బక్కపిల్ల. మా పిల్ల పరిగెత్తే దారికి అడ్డంగా, భుజానికి భుజం ఆనీ ఆనకుండా నిలబడింది. విజిల్ పడింది. మా సెంటర్ బంతి తల మీదికి ఎత్తి చూస్తూ ఉంది. వింగ్ అటాక్‌కి అడ్డంగా ఆ బక్కపిల్ల. గోల్ అటాక్ తన వంతు రాలేదని కదలకుండా ఉంది. బంతి చేతిలో ఉంచుకోగలిగే మూడు సెకన్లు అయిపోయాయి, మళ్లీ విజిల్. బంతి వాళ్లకి. మళ్లీ మా సెంటర్ పాస్ వచ్చినా అంతే. మాస్టారు సైడ్‌లైన్ మీద నుంచి "వెయ్యవే! వెయ్యి!" అని అరిచాడు. వేసింది. ఎవరూ లేని చోటికి. ఆ తరవాత నుంచి విజిల్ పడగానే ఆ పిల్ల బంతి వైపు కాదు, మాస్టారి మొహం వైపు చూసేది. మోచేతులు వణకడం నాకు గట్టు మీదికే కనిపించింది.

ఓడిపోయాం, అది పెద్ద విషయం కాదు. ఆ పిల్ల మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. ఖోఖోకి పిలిచినా రాలేదు. ఏ దారీ లేకుండా బంతి చేతిలో పెట్టి, వెయ్యలేదని తిడితే ఏం చేస్తుంది? ప్లే రాసింది మాస్టారు, తిట్లు తిన్నది పదమూడేళ్ల పిల్ల.

నువ్వు ఆ పని చెయ్యబాక. మొదటి పాస్‌కి మూడు దారులుండాలి. వింగ్ అటాక్ ఒకటి. గోల్ అటాక్ తన వంతు కోసం ఆగకుండా, విజిల్ పడగానే అవతలి పక్క నుంచి కదలాలి. ఇద్దరూ చిక్కుకుంటే వెనక నుంచి మన వింగ్ డిఫెన్స్ ఏటవాలుగా మధ్య భాగంలోకి రావాలి. సెంటర్ పాస్ పట్టేది ఎవరైనా ఆ మధ్య భాగంలోనే పట్టాలని మరిచిపోనివ్వకు. సెంటర్ మనసులో లెక్కపెట్టుకోవాలి: ఒకటికి వింగ్ అటాక్, రెండుకి గోల్ అటాక్, లేదంటే వెంటనే వెనక్కి. బంతి వెనక్కి పోతే సిగ్గుపడాల్సింది లేదని మొదటే చెప్పు.

రెండో రోజు నుంచే డిఫెండర్లని పెట్టు. ఎవరిని అడ్డుకోవాలో వాళ్ల చెవిలో చెప్పు, సెంటర్‌కి చెప్పబాక. తను వెతుక్కోవాలి. మొహం మీదికి వచ్చే చేతికి పిల్లలు జడుస్తారు. మూడడుగుల కర్ర తెచ్చి, డిఫెండర్ ఇంతకంటే దగ్గరికి రాకూడదని చూపించు, ధైర్యం వస్తుంది. ప్లేకి నంబర్లు వద్దు, అవతలివాళ్లకి తెలిసిపోతుంది. పేరు పిల్లల్నే పెట్టుకోమను. మలైకాజా అని పెట్టినా సరే.

మ్యాచ్ రోజు గట్టు మీద కూర్చో, నిలబడబాక. నిలబడితే నువ్వు అరుస్తావు. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడితే కాయిన్లు మంచం కిందికి విసిరేదానివి, మీ అక్క ఏడుస్తూ ఏరుకునేది. నీ కోపం వెనక ఎంత ప్రేమ ఉంటుందో మాకు తెలుసు. పిల్లలకి తెలియాలంటే టైం పడుతుంది. ఏదన్నా చెప్పాలంటే క్వార్టర్‌కీ క్వార్టర్‌కీ మధ్య దగ్గరికి పిలిచి, నీళ్లిచ్చి, ఒక్క మాట చెప్పు.

బిబ్బులు, అదే ఎవరు ఏ స్థానంలో ఆడతారో అక్షరాలు రాసి పైన వేసుకునేవి, కొనబాక, డబ్బు దండగ. పాత కాటన్ గుడ్డ ఉంది, నేనే కుడతా. అక్షరాలు ముందూ వెనకా రెండు వైపులా కావాలి కదా? రెండు రంగులు చెప్పు. పినాకినీ రైల్లో ఒంగోలు వచ్చేవాళ్లెవరన్నా ఉంటే ఇచ్చి పంపిస్తా.

మీ పెద్దమ్మ