మెత్తటి నేలలో పైలింగ్ మొదలుపెట్టే ముందు

నాయనా,

పైలింగ్ పని, అంటే నేలలో లోతుగా బోరు తవ్వి కాంక్రీటు స్తంభం (పైల్) పోసే పునాది పని, నీకు అప్పజెప్పారని, పైనుంచి పద్దెనిమిది మీటర్ల దాకా మెత్తటి బంకమట్టేనని రాశావు. టెన్షన్ పడటంలో తప్పేం లేదు. గోడ వంకర పోతే కంటికి కనిపిస్తుంది, పడగొట్టి మళ్లీ కట్టొచ్చు. పైల్ లోపల ఏం జరిగిందో మాత్రం నీ రిజిస్టరే చెప్పాలి.

బోర్ లాగ్ (ఏ లోతులో ఏ మట్టి ఉందో రాసిన పట్టిక) ఇంకొకళ్లు చదివి చెబితే వినడం కాదు, నువ్వే చదువు. ఎస్పీటీ ఎన్ విలువ (నేల ఎంత గట్టిదో సుత్తి దెబ్బల లెక్కలో చెప్పే అంకె) 4 లోపు ఉన్న బంకమట్టి పక్కల నుంచి పెద్దగా పట్టు ఇవ్వదు, బరువు కింది గట్టి పొర మోయాల్సిందే. ఆ పొర అన్నిచోట్లా ఒకే లోతులో ఉండదు. డ్రాయింగ్‌లో 22 మీటర్లని ఉంది కదా అని అక్కడ ఆపేయకు. బోరు తవ్వే బకెట్‌లో పైకొచ్చే మట్టిని చేత్తో నలిపి చూడు. ఇంకా మెత్తగానే వస్తుంటే డిజైనర్‌కి ఫోన్ చెయ్యి.

సైటు ఎత్తు పెంచడానికి కొత్తగా మట్టి నింపుతున్నారా? ఆ బరువుకి కింది బంకమట్టి కుంగుతూ పైల్‌ని కూడా కిందికి లాగుతుంది. ఆ లాగుడు డిజైన్‌లో లెక్కేశారో లేదో అడుగు. అడిగితే నీ పరువేం పోదు.

బోరు గోడలు కూలకుండా నింపే బెంటోనైట్ (బంకమట్టి ద్రవం) మట్టం భూగర్భజలం కన్నా కనీసం మీటరు, మీటరున్నర పైన ఉండాలి. తగ్గిందా, గోడలు జారతాయి.

ఇక అసలు సంగతి అడుగు శుభ్రం చేయడం. బోరు పూర్తవగానే గుండు కట్టిన టేపు వదిలి లోతు రాసుకో. కేజ్ (ఇనుప చువ్వల బోను), ట్రెమీ పైపు (కాంక్రీటుని అడుగు దాకా చేర్చే గొట్టం) దింపాక మళ్లీ వదులు. రెండు కొలతలకీ తేడా వస్తే అంత మేర బురద పేరుకున్నట్టే. గుండు ఠక్కున ఆగాలి, మెత్తగా దిగకూడదు. "చాలు సార్, లారీ వచ్చేసింది" అంటారు. లారీ కాసేపు ఆగుతుంది, ఫ్లషింగ్ (ద్రవం తిప్పి బురద బయటికి తీయడం) ఇంకోసారి చేయించు.

కాంక్రీటు పోసేటప్పుడు టేపు చేతిలోంచి వదలకు. మీటరు వ్యాసం పైల్‌కి మీటరు ఎత్తుకు 0.785 ఘనపు మీటర్లు పడుతుంది. అంటే 6 ఘనపు మీటర్ల లారీ ఒకటి ఖాళీ అయితే ఏడున్నర మీటర్ల పైచిలుకు నిండాలి. 22 మీటర్ల బోరులో గుండు పైనుంచి 14.4 మీటర్ల దగ్గర తగలాలి. 13 దగ్గరే తగిలితే అనుమానించు, ఎక్కడో మట్టి లోపలికి వచ్చి పైల్ సన్నబడి ఉండొచ్చు. 16 దగ్గర తగిలితే బోరు ఎక్కడో వెడల్పయింది. అది అంత ప్రమాదం కాదు గానీ రాసిపెట్టు.

ట్రెమీ పైపులు విప్పడానికీ ఇదే కొలత. కాంక్రీటు 14.4 దగ్గర, పైపు అంచు 21.8 దగ్గర ఉంటే 2 మీటర్ల ముక్కలు రెండు తీయొచ్చు, మూడోది కుదరదు. అంచు ఎప్పుడూ కనీసం 2 మీటర్లు కాంక్రీటులో మునిగి ఉండాలి. పైకి లేచిందంటే ఆ మధ్యలో బెంటోనైట్ దూరుతుంది, పైల్ అక్కడ రెండు ముక్కలే.

పైన తేలే కాంక్రీటులో బురద కలిసి ఉంటుంది కాబట్టి కటాఫ్ లెవెల్ (పైల్ చివరికి ఆగాల్సిన ఎత్తు) దాటించి పోయించు, ఆ ఎక్కువ భాగాన్ని తర్వాత చిప్పింగ్ చేసి (చెక్కి) తీసేస్తారు. అప్పుడే పోసిన పైల్ పక్కనే అదే రోజు ఇంకో బోరు పెట్టనివ్వకు. పైల్ తలపై సుత్తితో కొట్టి చేసే ఇంటెగ్రిటీ టెస్టు మధ్యలో పెద్ద లోపాలుంటే పట్టిస్తుంది గానీ అడుగున పలచటి బురద పొరను పట్టుకోలేదు. దానికి బరువు పెట్టి చూసే లోడ్ టెస్టు లాంటిది కావాలి.

మొదటి పైల్ రిజిస్టరు పేజీ ఫోటో తీసి పంపు, చూస్తాను.

మీ బాబాయి