దగ్గు రాలేదు కాబట్టి లోపం లేదని రాసుకున్నారు

మీ ప్రశ్న చదివాను. ప్రమాదంలో మీ నాన్నగారి బ్రెయిన్ స్టెమ్‌కు, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే కాడకు, దెబ్బ తగిలి నాలుగు నెలలైందని, ఇప్పుడు పట్టుకుంటే నడుస్తున్నారని, అవతలి పక్షం బీమా సంస్థ రాజీ పత్రం పంపి సంతకం చేయమంటున్నదని రాశారు. ఆయన పూర్తిగా కోలుకుంటారా, పరిహారం ఎంత అడగాలి అని అడిగారు. నేను డాక్టరును కాను, న్యాయవాదిని కాను. మా అన్నయ్యకు ఇదే చోట గాయమై ఆరేళ్ళయింది. దావా మూడేళ్ళు నడిచింది. ఆ మూడేళ్ళలో నాకు అర్థమైనదేమిటంటే, ఎంత అడగాలన్నది తరువాతి సంగతి. పైకి కనబడని నష్టాన్ని ఎవరు, ఏ తేదీన, ఏ మాటల్లో రాసిపెట్టారన్నదే ముందు తేలవలసిన సంగతి.

అన్నయ్య బండి మీద వెళుతుండగా పక్క రోడ్డులోంచి వచ్చిన కారు గుద్దింది. ఆసుపత్రికి చేర్చేసరికి గ్లాస్గో కోమా స్కేలు మీద ఆయన స్కోరు 5. కళ్ళు తెరవడం, మాట్లాడడం, కాళ్ళూ చేతులూ కదపడం చూసి 3 నుంచి 15 వరకు అంకె వేసే ఈ కొలత 1974 నుంచి వాడుకలో ఉంది. 8గాని అంతకు తక్కువగాని వస్తే తీవ్రమైన గాయం కిందే లెక్క. అయినా ఆ రాత్రి తీసిన సీటీ స్కాన్‌లో చెప్పుకోదగ్గ రక్తస్రావమేమీ కనబడలేదు. స్కాన్ బాగానే ఉంటే మనిషి ఎందుకు లేవడం లేదని అడిగినవారినల్లా అడుగుతూ మేము ఆరు రోజులు గడిపాము. ఎమ్మారై తీశాక గాని బ్రెయిన్ స్టెమ్‌లోని భాగాలైన మిడ్‌బ్రెయిన్‌లోనూ, పాన్స్ పై భాగంలోనూ ఆవగింజలంత రక్తపు చుక్కలు ఉన్నాయని తెలియలేదు. తల ఒక్కసారిగా తిరిగి ఆగినప్పుడు లోపలి నరాల తంతువులు సాగి తెగిపోవడం వల్ల వచ్చే గాయమది. సీటీ తరచుగా దానిని పట్టుకోలేదు. మీ నాన్నగారికి సీటీ మాత్రమే తీసి ఉంటే, ఆ కాగితాన్ని చూసి ఎవరు ధైర్యం చెప్పినా నమ్మకండి.

ఆవగింజలంత చుక్కలు ఇంత పని చేస్తాయా అని మీకు అనిపించవచ్చు. మెదడు నుంచి ఒంటికి వెళ్ళే దారులూ, ఒంటి నుంచి మెదడుకు వచ్చే దారులూ బొటనవేలంత ఉండే బ్రెయిన్ స్టెమ్ అనే ఆ ఇరుకు చోటులోంచే సాగుతాయి. పన్నెండు జతల కపాల నరాలలో పది జతలు అక్కడే పుడతాయి. ఊపిరి, గుండె వేగం, మింగడం, రెండు కళ్ళూ కలిసి కదలడం, అసలు మెలకువగా ఉండడం కూడా దాని చలవే. మెదడులో మరోచోట అంతే గాయమైతే మనిషికి తెలియకుండానే గడిచిపోవచ్చు. ఇక్కడ అలా కుదరదు.

చికిత్స గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తెగిన తంతువులను తిరిగి అతికించే మందు లేదు. మొదటి వారాల్లో డాక్టర్లు చేసేదంతా ఉన్న గాయానికి కొత్త గాయం తోడు కాకుండా కాపాడడమే: వెంటిలేటరుతో ఊపిరి నిలబెట్టడం, పుర్రె లోపలి ఒత్తిడి 22 మిల్లీమీటర్ల పాదరసానికి మించకుండా చూడడం, గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేయడం, కడుపులోకి నేరుగా ఆహారం పంపడం. స్టెరాయిడ్లు ఎందుకు ఇవ్వడం లేదని మా బంధువు ఒకాయన డాక్టర్లతో గొడవకు దిగారు. తలకు గాయమైన పదివేల మందికి పైగా రోగులపై జరిగిన క్రాష్ అనే పరిశోధనలో, స్టెరాయిడ్లు ఇచ్చినవారిలోనే మరణాలు ఎక్కువని 2004లోనే తేలిందని ఆ తరువాత తెలుసుకున్నాను. అమాంటడీన్ అనే పాత మందు మాత్రం గాయమైన కొన్ని వారాల తరువాత ఇస్తే మెలకువ తేరుకోవడం వేగవంతమవుతుందని 2012లో వెలువడిన పరీక్ష చూపింది. అన్నయ్యకు దానిని ఇచ్చారు, పనిచేసిందనే నా నమ్మకం. ఇక అసలు బరువు మోసినది ఫిజియోథెరపీ, మాటకూ మింగడానికీ ఇచ్చే థెరపీ. స్టెమ్ సెల్ చికిత్స చేయిస్తామంటూ ఒక ఏజెంటు ఇంటికే వచ్చాడు. దెబ్బ తగిలింది స్టెమ్‌కే కాబట్టి స్టెమ్ సెల్సే దానికి మందని అతడు గంభీరంగా చెబుతుంటే, పేరు కలిసినంత మాత్రాన మందు కలుస్తుందా అని వదిన అతడిని గుమ్మం దాకా సాగనంపింది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. ప్రమాదం జరిగిన పద్నాలుగు నెలలకు, అన్నయ్య పరిస్థితిని అంచనా వేయడానికి బీమా సంస్థ తరఫున ఒక డాక్టరు ఇంటికి వచ్చారు. ఇరవై అయిదు నిమిషాలు ఉన్నారు. చేయి నొక్కమన్నారు, అన్నయ్య గట్టిగానే నొక్కాడు. పాదంతో నెట్టమన్నారు, నెట్టాడు. పది అడుగులు నడవమంటే నడిచాడు. వెనుక నేను పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను గాని, ఆ డాక్టరు నా వైపు చూడలేదు. వస్తువులు రెండుగా కనబడుతున్నాయని వదిన చెబితే, కళ్ళ సంగతి కళ్ళ డాక్టరు చూస్తారన్నారు. చివరికి ఒక గ్లాసు నీళ్ళు అడిగారు. ఆయన తాగడానికేమోనని వదిన తెచ్చి ఇచ్చింది. ఆయన ఆ గ్లాసును అన్నయ్య చేతికి అందించారు.

“పల్చటి నీళ్ళు ఇవ్వకూడదండీ, చిక్కబడే పొడి కలిపి చెంచాతో ఇస్తున్నాం” అంది వదిన.

“రెండు గుక్కలేనమ్మా, చూడాలి కదా” అన్నారాయన.

అన్నయ్య రెండు గుక్కలతో ఆగలేదు. పద్నాలుగు నెలల తరువాత దొరికిన మంచినీళ్ళవి. గ్లాసు దించకుండా తాగాడు, ఒక్కసారి కూడా దగ్గలేదు. తాగి, నా వైపు చూసి నవ్వాడు. “రోగి ఒక గ్లాసు నీటిని దగ్గు లేకుండా తాగారు, మింగడంలో లోపం లేదు” అన్న వాక్యం తరువాత మాకు అందిన నివేదికలో ఉంది.

మూడో రాత్రికి జ్వరం వచ్చింది. కుడి ఊపిరితిత్తిలో న్యుమోనియా అని తేలి, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆ గ్లాసు నీళ్ళ వల్లనే వచ్చిందని నా వాదన. అంతకు ముందు కూడా రెండుసార్లు వచ్చింది కాబట్టి అలా రుజువు చేయలేమని మా న్యాయవాది నచ్చజెప్పారు. ఆయన మాట న్యాయస్థానం వరకే. నేను మాత్రం నేటికీ నా మాట మీదే ఉన్నాను.

డిశ్చార్జికి ముందు మింగే తీరును ఎక్స్‌రే వీడియోగా తీశారు. బేరియం కలిపిన ద్రవం ఆహారనాళంలోకి వెళ్ళవలసింది పోయి, స్వరపేటిక దాటి శ్వాసనాళంలోకి సన్నని నల్లటి గీతలా జారింది. మామూలు మనిషి అయితే ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు. అన్నయ్య కదలలేదు. దారి తప్పిందని హెచ్చరించే నరాలు కూడా బ్రెయిన్ స్టెమ్ మీదే ఆధారపడతాయి కాబట్టి దగ్గు రాకపోవడమే ఇక్కడ గాయానికి గుర్తు. ఆ డాక్టరు గుర్తించిన ఆరోగ్య లక్షణం నిజానికి రోగ లక్షణం. న్యాయమూర్తిగారు ఆ వీడియోను రెండోసారి వేయించుకుని చూశారు.

వీడియో ఒక్కటే ఉంటే, అది ఆ ఒక్క రోజు సంగతని అవతలి న్యాయవాది కొట్టిపారేసేవారే. మమ్మల్ని నిలబెట్టినది వదిన రాసుకున్న నోటు పుస్తకాలు. మొదటి రోజు నుంచి ఆమె తేదీ, వేళ వేసి రాసింది: “రాత్రి 2:10, జ్వరం 101, దగ్గు లేదు, గొంతులో గురగుర.” “మెట్టు రెండుగా కనబడి తప్పు మెట్టు మీద కాలు వేశారు.” “మధ్యాహ్నం కూర్చునే నిద్రపోయారు, నాలుగు గంటలు.” ప్రతి పూటా తాను ఎంతసేపు పక్కన ఉన్నదీ రాసింది. భార్య చేసే సేవకు వెల ఏమిటని అవతలివారు అడిగితే, ఆమె లేకపోతే అదే పనికి జీతం ఇచ్చి మనిషిని పెట్టుకోవలసిందే కదా అని మా న్యాయవాది ఆ గంటలు కూడి చూపారు. చాలా దేశాల న్యాయస్థానాలు ఇంటివారి సేవకు కూడా విలువ కడతాయి, కానీ లెక్క రాసిపెట్టని సేవకు ఎవరూ విలువ కట్టలేరు.

ఎంత అడగాలన్న మీ ప్రశ్నకు అంకె చెప్పలేను, పద్దులు చెబుతాను. ఇప్పటి దాకా అయిన వైద్య ఖర్చు అందరూ అడుగుతారు. ముందు ముందు కావలసిన థెరపీ, తోడు మనిషి, పరికరాలు, మళ్ళీ మళ్ళీ వచ్చే న్యుమోనియా, పోయిన సంపాదనతో పాటు ఇక రాని సంపాదన, అనుభవించిన బాధ, వీటిని అడగడం మరచిపోతారు. మీ నాన్నగారి తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు తగ్గిస్తారు. ఆయన తన నిర్ణయాలు తాను తీసుకోలేని స్థితిలో ఉంటే, ఆయన తరఫున దావా వేయడానికీ, రాజీ పడడానికీ చట్టం ఒప్పుకున్న ప్రతినిధి ఉండాలి. దావా వేయడానికి గడువు ఉంటుంది. అది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ వారమే న్యాయవాదిని అడగండి. న్యూజీలాండ్‌లో 1974 నుంచి ప్రమాద గాయాలకు తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే ప్రభుత్వ పథకం పరిహారం ఇస్తున్నది. ఆ సంగతి తెలిసినప్పుడు, మూడేళ్ళు న్యాయస్థానం వరండాలో కూర్చున్న నాకు అసూయ కలిగింది.

కోలుకోవడం గురించి: అన్నయ్య మాట స్పష్టపడింది, నడక మెరుగుపడింది, మింగడం ఇప్పటికీ సరికాలేదు. ఎక్కువ మార్పు మొదటి ఏడాదిలోనే వచ్చింది, ఆ తరువాత కూడా అంగుళం అంగుళంగా వస్తూనే ఉంది. నాలుగో నెలలో ఎవరూ మీకు చివరి మాట చెప్పలేరు. అందుకే, ఈ ప్రమాదం విషయంలో ఇకపై ఏ క్లెయిమూ ఉండదన్న వాక్యం ఆ రాజీ పత్రంలో ఎక్కడుందో వెతికి చూడండి, తప్పకుండా ఉంటుంది. కళ్ళ పరీక్ష, మింగే వీడియో పరీక్ష అయ్యేదాకా దాని మీద సంతకం చేయకండి.

ఇంకొక్క సంగతి. నీళ్ళు తాగాక మీ నాన్నగారి గొంతులో గురగుర వినబడుతున్నదా? మీ ప్రశ్నలో ఆ ఊసు లేదు. వినబడుతుంటే ఏ వేళకు వినబడిందో రాసిపెట్టి, రేపే డాక్టరుకు చెప్పండి.