గోయా చిత్రాలు ముందు చూడాలా, 'బ్లాస్ఫెమస్' ముందు ఆడాలా?

ఒక చిత్రకారుడి ప్రేరణతో వచ్చిన యాక్షన్ గేమ్ ఆడాలంటే ఆయన గురించి ముందే తెలిసి ఉండాలా, 'బ్లాస్ఫెమస్' అనే ఆ వీడియో గేమ్‌లో స్పెయిన్ చిత్రకారుడు గోయా ఎంతవరకు ఉన్నాడు, దాన్ని ఎనిమిదో తరగతి చదివే మీ తమ్ముడికి ఇవ్వవచ్చా అని మీరు అడిగారు. నేను హనుమకొండలో డ్రాయింగ్ నేర్పుతాను కనుక గోయా చిత్రాలతో నాకు చాలాకాలంగా పరిచయం ఉంది. గేమ్‌ను మాత్రం ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడి పక్కన కూర్చుని, అతనితో వంతులవారీగా ఆడుతూ తెలుసుకున్నాను. గోయా జీవిత చరిత్ర చదవనవసరం లేదు గానీ, కనీసం ఒక్క చిత్రం చూడకుండా మొదలుపెడితే ఈ గేమ్ చేసిన అసలు సాహసం మీ కంటికి ఆనదని నా అభిప్రాయం.

ఆ చిత్రం గోయా 1810ల్లో వేసిన కొరడా దెబ్బల ఊరేగింపు. మొనదేలిన పొడవాటి టోపీలతో ముఖాలు కప్పుకుని, నడుము పైభాగాన బట్ట లేకుండా, పాపాలకు ప్రాయశ్చిత్తంగా తమ వీపులను తామే రక్తం కారేలా కొట్టుకుంటూ నడిచే మనుషులు అందులో కనిపిస్తారు. ఈ ఆచారాన్ని స్పెయిన్ రాజు మూడవ కార్లోస్ 1777లోనే నిషేధించాడు. గోయా దాన్ని గుంపుకు బయట నిలబడి, ఏమాత్రం మెచ్చుకోని చూపుతో చిత్రించాడు. స్పెయిన్‌లోని సెవిల్ నగరానికి చెందిన 'ద గేమ్ కిచెన్' బృందం 2019లో విడుదల చేసిన 'బ్లాస్ఫెమస్' అదే టోపీని ఇనుముతో చేసి కథానాయకుడి తలకే తొడిగింది. మొదటి పెద్ద శత్రువును చంపాక అతడు ఆ శిరస్త్రాణాన్ని రక్తంతో నింపి మళ్లీ తలకు పెట్టుకునే దృశ్యం వచ్చినప్పుడు మా మేనల్లుడు, "మామా, గిసుంటి టోపీలు నిజంగనే పెట్టుకునేటోళ్లా?" అని అడిగాడు. ఆట ఆపి చిత్రం చూపించాను. చిత్రకారుడు దూరం నుంచి చూసిన మనిషి లోపలికి ఈ గేమ్ మనల్ని పంపుతుంది, నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే.

అది బొమ్మల్లోనే కాదు, ఆట నియమాల్లోనూ ఉంది. మీరు చనిపోయిన చోట మీ అపరాధభావం ఒక గుర్తుగా మిగిలిపోతుంది. తిరిగి వెళ్లి దాన్ని తీసుకునేదాకా ప్రార్థనలకు, అంటే గేమ్‌లో మంత్రాల్లా పనిచేసే వాటికి, వాడే శక్తి గరిష్ఠ పరిమితి తగ్గే ఉంటుంది. మోకరిల్లి ఆరోగ్యం నింపుకున్న ప్రతిసారీ చంపిన శత్రువులు మళ్లీ లేచి వస్తారు. మన చేర్యాల నకాషీ పటం చూసినవారికి తెలుసు, కథకుడు పటాన్ని విప్పుతూ పాడితేనే ఒక్కొక్క గడిలోని బొమ్మకు అర్థం వస్తుంది. ఇక్కడ కథకుడి పని ఆటగాడి చేతులు చేస్తాయి, చిత్రకళ గేమ్‌లోకి రావలసిన తీరు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే గోయా జీవితం కథగా ఇందులో లేదు. 1746లో పుట్టి, రాజాస్థాన చిత్రకారుడిగా ఎదిగి, 1792-93లో వచ్చిన జబ్బుతో వినికిడి పూర్తిగా కోల్పోయి, 1819 తర్వాత మాడ్రిడ్ శివారులోని తన ఇంటి గోడల మీద ఇప్పుడు 'నల్ల చిత్రాలు'గా పిలిచే 14 చిత్రాలు వేసిన మనిషి కథ కోసం వెతికితే మీరు నిరాశపడతారు. గేమ్ ప్రేరణ కూడా ఆయన ఒక్కడి నుంచే రాలేదు, ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో సెవిల్‌లో జరిగే ఊరేగింపుల పాలు చాలా ఉంది. నాకు లోటుగా అనిపించింది మరొకటి. 1799లో 80 ముద్రణా చిత్రాలుగా వెలువడిన 'కాప్రిచోస్'లో మూఢత్వం మీద, మతాధికారుల మీద గోయా చూపిన కోపం, వెక్కిరింత ఈ గేమ్‌లో దాదాపు లేవు. గేమ్ దుఃఖిస్తుంది, గోయా నిలదీస్తాడు. ఆ తేడా తెలియడానికైనా ఆ చిత్రాల్లో 43వదాన్ని, బల్ల మీద తలవాల్చి నిద్రపోతున్న మనిషి చుట్టూ గుడ్లగూబలూ గబ్బిలాలూ కమ్ముకున్నదాన్ని, గేమ్ సగం ఆడాక చూడండి. గోయా చిత్రాలు చాలావరకు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతాయి.

మీ తమ్ముడికి మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. రక్తపాతం వల్ల అమెరికా రేటింగ్ సంస్థ దీన్ని 17 ఏళ్లు నిండినవారికి నిర్దేశించింది. నా దగ్గర బొమ్మలు నేర్చుకునే ఆ వయసు పిల్లలకు గోయా ముద్రణల్లో కొన్నింటిని ఎంచి చూపిస్తాను గానీ, ఈ గేమ్ చూపించను.