గని చుట్టూ నీటిమట్టం కొలవడానికి ఊరి బావులు సరిపోతాయా?

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని చుట్టుపక్కల బావుల్లో నెలకోసారి టేపు దించి రాసుకుంటే చాలా అని అడిగారు. చాలదు. ఆ బావుల లెక్క ఉండాల్సిందే, ఎందుకంటే ఆ నీళ్లు తాగేది మనుషులు. కానీ గని నీటిని ఎంతవరకు లాగుతోందో వాటిలో చాలా ఆలస్యంగా కనబడుతుంది.

తవ్వుడు బావి పైనున్న మెత్తటి పొర వరకే దిగుతుంది. బొగ్గు పొర, దాని పైనా కిందా ఉన్న ఇసుకరాయి పొరలు సాధారణంగా బంకరాయి కింద ఒత్తిడిలో ఉంటాయి. అలాంటి పొర ఒత్తిడి తగ్గినప్పుడు వదిలే నీరు చాలా తక్కువ. అందుకే గనిలో పంపు ఆడించగానే అక్కడ ఒత్తిడి త్వరగా, చాలా దూరం వరకు పడిపోతుంది. పై బావి మాత్రం కొన్నాళ్లు కదలకుండా ఉండి, తర్వాత మెల్లగా దిగుతుంది.

కాబట్టి ఒక్కో పొరకు ఒక్కో పీజోమీటర్ (ఒకే పొర నీటి ఒత్తిడిని కొలిచే సన్నటి బోరు) వేయండి. ఖర్చు తగ్గుతుందని ఒకే బోరును అన్ని పొరలకూ తెరిచి ఉంచితే వచ్చే మట్టం ఏ పొరదీ కాదు, పైగా ఆ బోరే పై నీటిని కిందికి జార్చే దారి అవుతుంది. కొలవాల్సిన పొర ఎదురుగా మాత్రమే చిల్లుల పైపు, దాని చుట్టూ కడిగిన సన్న గులకరాళ్లు, వాటిపై కనీసం ఒక మీటరు బెంటోనైట్ (తడిస్తే ఉబ్బి నీటిని ఆపే బంకమట్టి), ఆపైన నేల వరకు గ్రౌట్ (ఖాళీని పూడ్చే సిమెంటు ముద్ద). బెంటోనైట్ ఉబ్బడానికి సమయం ఇవ్వకుండా గ్రౌట్ పోస్తే అది గులకరాళ్లలోకి దిగి పైపు చిల్లులు మూసేస్తుంది. తర్వాత నీరు తేటగా వచ్చేదాకా బోరును కడగాలి.

స్థలాల విషయానికొస్తే, గని అంచు నుంచి బయటికి పోయే వరసలు మంచివి: దగ్గరగా 50, 200 మీటర్లు, ఆపైన 500, 1000, 2000. పొరలు వాలే దిక్కున ఒకటి, దానికి అడ్డంగా ఒకటి. ఫాల్ట్ (రాతి పొరలు విరిగి జరిగిన చోటు) ఉంటే రెండు వైపులా వేయండి. గని ప్రభావం అందనంత దూరంలో, అదే రకం రాతిలో ఇంకొకటి తప్పనిసరి. అది లేకపోతే వాన లేక తగ్గిందా, గని వల్ల తగ్గిందా అన్న తగవు ఎప్పటికీ తేలదు. తవ్వకం మొదలయ్యే ముందే కనీసం ఒక ఏడాది రీడింగులు చేతిలో ఉండాలి, రెండేళ్లయితే మరీ మంచిది.

కొలిచేటప్పుడు పైపు అంచున చెరగని గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడి నుంచే చూడండి. ఆ గుర్తు ఎత్తును లెవెలింగ్ (ఎత్తుల సర్వే) చేసి తీసుకోండి. గుర్తు 212.40 మీటర్లు, అక్కడి నుంచి నీటి వరకు లోతు 18.65 అయితే మట్టం 193.75. లోతులను నేరుగా పోల్చకండి, నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. టేపు రెండుసార్లు దించాలి. తేడా ఒక సెంటీమీటరు దాటితే మూడోసారి దించండి. నీటిని తాకగానే మోగే టేపు అయితే, పైపు గోడల వెంట నీరు కారుతుంటే ముందే మోగుతుంది. వాడకంలో ఉన్న బోరైతే పంపు ఆపి, మట్టం నిలకడకు వచ్చాకే రాయాలి.

లాగర్ (నీటిలో వేలాడుతూ ఒత్తిడిని తనంతట తానే రాసుకునే పరికరం) పెడితే గాలి పీడనం సవరణ మరిచిపోకండి. గాలి గొట్టం లేని లాగర్‌లో 1 హెక్టోపాస్కల్ మార్పు దాదాపు 1 సెంటీమీటరు నీటిలా కనబడుతుంది. డేటా దించుకునే ప్రతిసారీ టేపుతో సరిచూడండి, కేబుల్ జారితే గ్రాఫ్‌లో ఒక్కసారిగా మెట్టు పడుతుంది. నీరు లాగర్ కిందికి దిగిపోయినా, చిల్లులు పూడుకుపోయినా గీత బల్లపరుపుగా వస్తుంది. ఈ గీతను చూసి మట్టం నిలకడగా ఉందని రిపోర్టు రాయడం చాలా ప్రమాదకరం. ఏడాదికోసారి బకెట్ నీళ్లు పోసి, పెరిగిన మట్టం మళ్లీ దిగుతోందో లేదో చూడండి.

వాన కొలత, సంపు (గని అడుగున నీరు చేరే గుంత) పంపుల మీటరు రీడింగు కూడా అదే పుస్తకంలో తేదీతో ఉండాలి. గని అంచు దగ్గరి పీజోమీటర్లు తవ్వకం ముందుకొచ్చే కొద్దీ ఎలాగూ పోతాయి. పోయాక కొత్తది వేస్తే గ్రాఫ్ తెగిపోతుంది. అందుకే ముందే వేసి, కొన్ని నెలలు పాతదీ కొత్తదీ కలిపి కొలవండి.