తెలుగు ద్వారా ప్రభుత్వోద్యోగులకు హిందీ నేర్పే సాఫ్ట్‌వేర్ ఉందా?

అమలాపురంలో తపాలా ఉద్యోగంలో కొత్తగా చేరిన తమ్ముడి కోసం అడిగారు. ఉంది, దాని పేరు ‘లీలా’. కేంద్ర హోం శాఖలోని రాజభాషా విభాగం కోసం పుణేలోని సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ తయారు చేసింది. ఉచితం. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అనే మూడు మెట్ల పాఠాలను తెలుగు మాధ్యమంలోనే చదువుకోవచ్చు. అక్షరాలే రాకపోతే ప్రబోధ్‌తో మొదలుపెట్టమనండి.

అక్షరం ఎలా రాయాలో తెరమీద చూపిస్తుంది. మన గొంతు రికార్డు చేసుకుని అసలు ఉచ్చారణతో పోల్చుకోవచ్చు. నా దృష్టిలో దీని అసలు విలువ అక్కడే ఉంది.

మనవాళ్లకు నిజమైన చిక్కు లింగం దగ్గర వస్తుంది. తెలుగులో ఉత్తరమైనా లేఖైనా ‘వచ్చింది’ అంటే చాలు. హిందీలో ‘చిట్ఠీ ఆయీ’, కానీ ‘పత్ర్ ఆయా’. రెండూ ఉత్తరాలే, ఒకటి స్త్రీలింగం, ఒకటి పుంలింగం! అందుకే ప్రతి మాటనూ దాని క్రియతో కలిపి, పైకి చదువుతూ నేర్చుకోమనండి. ఒక్క మాటనే బట్టీపడితే వాక్యం దగ్గర తడబడతారు.

సాఫ్ట్‌వేర్ అభ్యాసానికే. ధ్రువపత్రం కావాలంటే హిందీ శిక్షణ పథకం పరీక్ష రాయాలి. ఆ వివరాలు ఆఫీసులోనే అడగమనండి.