నేను కొట్టేసిన వాక్యం

అమ్మలూ,

నువ్వు ఆరు నెలలు సెలవు పెట్టి థ్రిల్లర్ నవల రాయబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, నువ్వయినా చెప్పు. రాస్తే గీస్తే నాలుగు కాలాలు నిలిచేది రాయమను" అంది. నేనేం జవాబు చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు అలాగే కూచుండిపోయాను. ముప్ఫయ్యేళ్ళు ఇతరుల రాతలు దిద్దిన నా వెనక, సొంతంగా రాసే పిల్ల ఒకతి మనింట్లో పుట్టిందన్న గర్వం ఒక పక్క. దిగులు ఇంకో పక్క. హత్యలూ కుట్రలూ రాస్తున్నావని కాదే ఆ దిగులు. "ఇది ఊరికే టైంపాస్‌కి. పెద్దమ్మకి చెప్పకు, మంచి నవల తర్వాత రాస్తాను" అన్నావట. అదీ నా దిగులు.

ముందు ఆ మాట వెనక్కి తీసుకో.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. సెలవే పెట్టు, రాజీనామా ఇవ్వకు. రోజూ ఒకే వేళకి కూచో. రాసింది రెండు చోట్ల దాచుకో. ముగింపు తేలాకే మొదలుపెట్టు. అది తేలకుండానే మొదలుపెట్టి గట్టెక్కే రచయితలు ఉన్నారు గానీ నువ్వు ఆ బాపతు కాదు. దాగుడుమూతలాడినా దాక్కునే చోటు ముందే చూసిపెట్టుకునేదానివి.

ఇక నీ టైంపాస్ సంగతి. గ్రాహం గ్రీన్ అనే ఆంగ్ల రచయిత చాలాకాలం తన పుస్తకాలని రెండు గంపల్లో వేసుకున్నాడు. కొన్నింటిని నవలలన్నాడు, ఉత్కంఠ కథలని ఉత్త వినోదాలన్నాడు. రానురానూ ఏది ఏ గంపలోదో ఆయనకే తేల్చడం కష్టమై ఆ విభజనే వదిలేశాడు. అంత చేయి తిరిగినవాడికి సాధ్యం కానిది నీకెలా అవుతుంది? ఇది తేలికపాటి పని అనుకుని కూచుంటే వాక్యం కూడా తేలికగానే వస్తుంది.

దొస్తోయెవ్‌స్కీ రాసిన ఆ రష్యన్ నవల సంగతే చూడు, 'నేరము - శిక్ష'. 1866లో ఒక మాసపత్రికలో నెలనెలా వచ్చిన సీరియల్ అది. ఇప్పుడు పరీక్షలకి చదువుతారు గనక దాన్నెవరూ థ్రిల్లర్ అనరు. హంతకుడెవరో మొదటి భాగంలోనే తెలిసిపోతుంది. అయినా గొడ్డలి ఎలా దాచుకెళ్ళాడో గుర్తుందా? పాత చొక్కా నుంచి పీలిక చింపి, కోటు లోపల చంక కింద ఉచ్చులా కుట్టుకున్నాడు, గొడ్డలి అందులో వేలాడేట్టు. చదువుకున్న కుర్రాడు సూదీ దారం పట్టుకుని అంత శ్రద్ధగా కుట్టుకుంటూ కూచున్నాడంటే, వాడి మనసు ఏ స్థితిలో ఉందో వేరే చెప్పాలా? తర్వాతేం జరుగుతుందోనన్న భయమూ, ఈ మనిషి ఎవరన్న ఎరుకా ఆ ఒక్క కుట్టులోనే ఉన్నాయి. "బాగా అమ్ముడైంది మంచి రచనేనా?" అని ఎవరైనా అడిగితే నేను అమ్మకాల లెక్క చూడను, ఇలాంటి కుట్టు ఒక్కటైనా ఉందా అని వెతుకుతాను.

ఈ వెతుకులాట నాకు పుట్టుకతో రాలేదు. తప్పు చేసి నేర్చుకున్నాను. మీ అమ్మకి కూడా తెలియని సంగతి ఇది.

అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు. ఒక వారపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరి ఏడాది కాలేదు. తెలుగు ఎం.ఏ. పొగరు నెత్తికెక్కి ఉంది. సీరియళ్ళు దిద్దే పని నాకిచ్చారు. వాటిలో ఒకటి హత్యల సీరియల్. మంగళవారం పత్రిక వస్తే మా ఆఫీసు మెట్లమీద ప్యూనుతో సహా అందరూ ముందు తిప్పేది ఆ పేజీనే. అందుకే నాకు దానిమీద మరీ చిన్నచూపు.

రచయిత పెద్దాయన. అన్నీ పొట్టి వాక్యాలు. వచ్చాడు, కూచున్నాడు, గ్లాసు తీశాడు. ఇది వచనమా, పద్దుల చిట్టానా అనుకునేదాన్ని. చీకటి పడింది అని ఆయన రాస్తే నేను ఎర్రసిరాతో కొట్టేసి, సంధ్యాసుందరి నల్లకొంగు దిక్కులమీద పరిచింది అని రాసేదాన్ని. నవ్వకు. అప్పట్లో నాకది సాహిత్యసేవ.

మూడో వారం భాగంలో, హత్య జరిగిన రాత్రి, ఆ ఇంటి కోడలు పడుకోబోతుంది. తలుపు గడియ పెట్టింది. దీపం తగ్గించింది. గడియ తీసి మళ్ళీ పెట్టింది. అంతే ఉంది. ఒకసారి పెట్టిన గడియ తీసి పెట్టడమేమిటి, చేయి జారిన రాత కాకపోతే, అనుకున్నాను. పైగా పేజీలో రెండు లైన్లు ఎక్కువయ్యాయి. చివరి వాక్యం కొట్టేసి, అచ్చుకి ముందు దిద్దే ఆ గ్యాలీ ప్రూఫు కిందికి పంపేశాను.

కథలో పక్కగది మనిషి గడియ చప్పుడు రెండోసారి విన్నానని సాక్ష్యం చెప్తాడు. కోడలే ఎవరికో తలుపు తీసిందని ఇల్లంతా ఆమెని వేలెత్తి చూపుతుంది. వారం వారం సశేషం దగ్గర జనం ఊపిరి బిగపట్టారు. ఇరవయ్యో వారం, ముగింపు భాగం దిద్దుతుండగా నా గుండె గుభేలుమంది. ఆమె ఎవరికీ తలుపు తీయలేదు. భయస్థురాలు. గడియ సరిగ్గా పడిందో లేదోనని తీసి మళ్ళీ పెట్టుకునే అలవాటు. మూడో వారంలోనే మన కళ్ళెదుటే చేసింది, మనమే పట్టించుకోలేదు. అదీ ఆయన వేసిన ఎత్తు. ఆ ఎత్తు నా ఎర్రసిరా కింద ఉంది.

పాఠకుల ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. మోసం అన్నారు. ఆఖర్న ఏదో ఒకటి అల్లేశాడన్నారు. ఆయన తన కార్బన్ కాపీ పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. నా బల్లమీద అచ్చయిన పేజీ, దాని పక్కన ఆ నీలం కాయితం పెట్టి, వేలితో ఆ చోటు చూపించారు. "ఈ వాక్యానికి రెండు రోజులు పట్టిందమ్మా. చదువుతున్నప్పుడు కంటికి ఆనకూడదు. వెనక్కొచ్చి వెతికితే అక్కడే ఉండాలి."

నేను ఏమన్నానో తెలుసా? "కంపోజింగ్‌లో పోయినట్టుందండీ."

నేను దిద్దిన కాయితం నా సొరుగులోనే ఉంది. ఆయన "అలాగా" అని వెళ్ళిపోయారు. కింద అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్‌కి చీవాట్లు పడ్డాయి, నాకు మెట్లమీదికి వినబడుతూనే ఉంది. ఆ పెద్దాయన మా పత్రికకి ఇంకో సీరియల్ ఇవ్వలేదు. క్షమించమని ఉత్తరం రాద్దామని చాలాసార్లు మొదలుపెట్టాను. ఆయన పోయారని పత్రికలోనే చదివాను. ఆ వార్త ప్రూఫు కూడా నేనే దిద్దాను.

ఇదంతా విని పెద్దమ్మ థ్రిల్లర్లన్నీ గొప్పవంటోందనుకునేవు. చెత్త బోలెడుంది. అమ్ముడుపోయే చెత్త ఇంకా ఎక్కువ ఉంది. ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకరికొకరు పాఠంలా చెప్పుకునే పాత్రలుంటాయి చూడు, వాళ్ళు నిజానికి మనకి చెప్తున్నారు. కోట్ల ప్రతులు అమ్ముడైన 'ది డావిన్సీ కోడ్', 2003 నాటిది, మొదలవడమే చావుకి చేరువలో తూలుతున్న మనిషితో. ఆ వాక్యంలోనే రచయిత ముందు ఆ మనిషి పేరుప్రతిష్ఠలూ ఉద్యోగమూ చెప్పి, ఆ తర్వాతే తూలనిచ్చాడు. ప్రాణం పోతున్నవాడికి విజిటింగ్ కార్డు ఎందుకు? నేను నొసలు చిట్లించాను. చిట్లిస్తూనే తెల్లవారుజాము రెండింటిదాకా చదివాను, అబద్ధమెందుకు. అధ్యాయం ఎక్కడ తెంచాలో ఆ రచయితకి బాగా తెలుసు. అది కూడా విద్యే, నేర్చుకో. కానీ మర్నాడు ఆ పుస్తకంలో ఒక్క మనిషి ముఖమైనా నా కళ్ళముందుకి రాలేదు.

ముగింపు దాచిపెట్టడమే ఉత్కంఠ అనుకోకు. 'ది డే ఆఫ్ ది జాకాల్' అనే థ్రిల్లర్ నవల 1971లో వచ్చింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి ఒక కిరాయి హంతకుడు బయల్దేరుతాడు. డిగాల్ అంతకుముందు ఏడాదే తన ఇంట్లో, తన చావు తాను చచ్చాడు. అంటే హంతకుడు గెలవడని చదివేవాళ్ళకి ముందే తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టలేరు. దొంగ పాస్‌పోర్టు ఎలా పుట్టింది, తుపాకీ ఏ రూపంలో దాగింది, ఆ పని వివరమే చేయి పట్టుకుని లాక్కుపోతుంది. నీ నవలలో బ్యాంకు మోసం ఉందట కదా. అయితే బ్యాంకులో పనిచేసేవాళ్ళ దగ్గర కూచుని, వాళ్ళు ఏ పనికి ఏ మాట వాడతారో రాసుకో.

ఇంకొక్కటి. ఇది సలహా కాదు, బతిమాలుకోవడం. మొదటి పేజీలో ఆడపిల్ల శవం పెట్టకే. ముప్ఫయ్యేళ్ళలో అలాంటి శవాలకి ఎన్ని అచ్చుతప్పులు దిద్దానో లెక్కలేదు. ఆమె అందం గురించి ఒక పేరా, గాయాల గురించి రెండు పేరాలు, ఇక ఆ తర్వాత పుస్తకమంతా డిటెక్టివ్ మగాడి బాధే. కథకి తప్పదంటే చంపు, నేను అడ్డురాను. చంపేముందు ఆమెకో పని ఇవ్వు. ఎవరికో బాకీ ఉండనీ, ఎవరితోనో సగంలో ఆపిన పోట్లాట ఉండనీ. రాత్రిళ్ళు ఒక్కదానివే కూచుని ఆ పేజీలు రాస్తుంటావని తలుచుకుంటే నాకు భయంగా ఉంది. తలుపు వేసుకో. నవ్వితే నవ్వు, ఒకటికి రెండుసార్లు గడియ చూసుకో.

మొదటి మూడు అధ్యాయాలు అయ్యాక పంపు. ఫోన్‌లో వద్దు, నా కళ్ళకి ఆనదు. కాయితం మీద, లైనుకీ లైనుకీ మధ్య ఎడం ఉంచి తీయించు. పెన్సిల్‌తో పక్కన చుక్క పెడతాను, అంతే. ఒక్క ముక్క కూడా కొట్టెయ్యను.

మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే.

పెద్దమ్మ